నా గిటారు స్విచ్‌లు, వైరింగ్ మార్చిన అనుభవం: సంక్రాంతి నుంచి ఈస్టర్ దాకా

నాది స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటారు. తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌లు మూడు: తీగలు బాడీ మీద ఆనే బ్రిడ్జ్ దగ్గరొకటి, మధ్యలో ఒకటి, మెడ (నెక్) వైపు ఒకటి. ఒక్కోదానిలో ఒకే తీగచుట్ట, అంటే సింగిల్ కాయిల్. వాటిని ఎంచుకోవడానికి ఐదు స్థానాల స్విచ్, ఒక వాల్యూమ్, రెండు టోన్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సికింద్రాబాద్‌లో మా చర్చిలో ఆదివారం ఆరాధనకు చాలా ఏళ్లుగా దీన్నే వాయిస్తున్నాను. దాని శబ్దమంటే నాకు ప్రాణం. ఇబ్బందల్లా హమ్‌తోనే. ఆ మధ్య స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర పెట్టించాక ఆ మోత మరీ ఎక్కువైంది. పాటలో అంతగా తెలియదు. పాట అయిపోయి ప్రార్థన మొదలవగానే మందిరమంతా నిశ్శబ్దమైపోతుంది, నా ఆంప్ (యాంప్లిఫయర్) మాత్రం ఊమ్మంటూ మోగుతూనే ఉంటుంది. ప్రతిసారీ వాల్యూమ్ సున్నాకు తిప్పడం, పాస్టరుగారు ఆమెన్ అనే ముందు మళ్లీ తెరవడం. దానితో ఎంత టెన్షన్ పడేవాణ్నో నాకే తెలుసు.

బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిళ్లతో హమ్‌ను రద్దుచేసే పికప్) పెడితే చాలా వరకు తీరుతుందని తెలుసు. అయితే దానికోసం స్ట్రాట్ గొంతు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. రెండో స్థానంలో, నాలుగో స్థానంలో రెండేసి పికప్‌లు కలిసి పలికే ఆ గలగల శబ్దం మీదే మా పాటల్లో సగం నడుస్తాయి. అంటే హంబకర్ ఉండాలి, అవసరమైనప్పుడు అది రెండుగా విడిపోయి సింగిల్ కాయిల్‌లా కూడా పలకాలి. దాన్ని ఏ స్విచ్‌తో చేయాలన్నదే నన్ను నాలుగు నెలలు నడిపించింది.

2024 డిసెంబరులో ఆలోచన మొదలైంది. డాలస్‌లో ఉండే మా అక్క సంక్రాంతికి వస్తానంది. అక్కడి నుంచి ఏం తెప్పించుకోవాలో ఆలోపే తేల్చుకోవాలి. ఇంటర్నెట్‌లో వైరింగ్ బొమ్మలు చూస్తూ కూర్చుంటే రాత్రిళ్లు గడిచిపోయేవి. ఇరవై రకాల శబ్దాలు వచ్చే బొమ్మలున్నాయి. ఒక్కో పికప్‌కు ఒక్కో ఆన్-ఆఫ్ స్విచ్, సిగ్నల్ దిశ తిప్పే ఒక్కో ఫేజ్ స్విచ్ పెట్టిన పద్ధతి కూడా చూశాను. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే తన తండ్రితో కలిసి 1963లో మొదలుపెట్టి తయారుచేసుకున్న రెడ్ స్పెషల్ గిటారులో ఉన్నది అదే. చూడగానే మనసు లాగింది.

అప్పుడు చేసిన ఒక పని నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. రెండు మూడు ఆదివారాలు ఫోన్‌ను స్టాండు మీద పెట్టి, నా కుడి చేతిని మాత్రమే వీడియో తీశాను. ఇంటికొచ్చి సౌండ్ లేకుండా చూశాను. చరణం నుంచి పల్లవికి వచ్చేటప్పుడు స్విచ్ మార్చడానికి నాకు దొరికేది ఒక్క దెబ్బ సమయం. అది చూపుడువేలితో కొట్టే ఒకే కదలిక. చిటికెన వేలు వాల్యూమ్ మీదే ఉంటుంది. టోన్ల దగ్గరికి చెయ్యి పాటకూ పాటకూ మధ్య తప్ప వెళ్లడం లేదు. ఇది చూశాక ఒక్కో పికప్‌కు విడివిడి స్విచ్‌ల పద్ధతి పక్కకు పోయింది. ఒక శబ్దం నుంచి మరో శబ్దానికి రావాలంటే అక్కడ రెండు స్విచ్‌లు కదపాలి, నాకు ఆ సమయం లేదు. 1954లో స్ట్రాట్ వచ్చినప్పుడు దానికి మూడు స్థానాల స్విచ్చే ఉండేది. వాయించేవాళ్లు లీవర్‌ను రెండు స్థానాల నడుమ నిలబెట్టి ఆ మధ్య శబ్దాలు తీసేవారు. ఫెండర్ కంపెనీ ఐదు స్థానాల స్విచ్ ఇచ్చింది 1977లో. చెయ్యి ముందు, స్విచ్ తరవాత అనే మాట నాకు అప్పుడే గట్టిగా పట్టుకుంది.

పుష్-పుల్ పాట్ గురించి చాలామంది చెబుతారు. పాట్ అంటే నాబ్ కింద ఉండి, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం. దాని కింద స్విచ్ ఉంటుంది, నాబ్‌ను పైకి లాగితే కాయిల్ విడిపోతుంది, కిందికి నొక్కితే కలుస్తుంది. స్నేహితుడి గిటారులో ఉంటే అడిగి తీసుకుని ఒక రిహార్సల్ అంతా వాయించాను. నొక్కడం బాగానే ఉంది. లాగడమే కష్టం. స్ట్రాట్ నాబ్‌లు కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటాయి. చెమట చేతితో పట్టుకుంటే జారిపోతాయి. పైగా అది పైకి ఉందో కిందికి ఉందో స్టేజీ చీకట్లో కనపడదు. ఇంట్లో కూర్చుని రికార్డింగ్ చేసుకునేవాళ్లకు అది చక్కగా సరిపోతుంది. నాకు పనికిరాదు.

చివరికి నిర్ణయించుకున్నది సూపర్ స్విచ్. చూడటానికి మామూలు ఐదు స్థానాల లీవరే. లోపల మాత్రం నాలుగు విడివిడి స్విచ్‌లు ఒకే లీవర్‌తో కదులుతాయి. ఒక్కోదానికి ఐదు పిన్నులు, ఒక కామన్, మొత్తం 24 పిన్నులు. ఏ స్థానంలో ఏం జరగాలో నాలుగు రకాలుగా చెప్పొచ్చు. నేను రాసుకున్నది ఇదీ: మొదటి వరస బ్రిడ్జ్, నెక్ పికప్‌లను ఎంచుకుంటుంది. ఒకటి, రెండు స్థానాల్లో బ్రిడ్జ్, నాలుగు, ఐదులో నెక్, మూడో పిన్ను ఖాళీ. రెండో వరస మధ్య పికప్‌ది, అది రెండు, మూడు, నాలుగులో పలుకుతుంది. మూడో వరస రెండో స్థానంలో మాత్రమే హంబకర్‌ను విడదీస్తుంది. నాలుగో వరస ఒక్క రెసిస్టర్ కోసం.

ఆ రెసిస్టర్ సంగతి చెప్పాలి. హంబకర్‌కు 500కె (500 కిలో ఓమ్‌ల) పాట్‌లు బాగుంటాయి, సింగిల్ కాయిల్‌కు 250కె. సింగిల్ కాయిల్‌కు 500కె పెడితే శబ్దం చెవిలో గుచ్చుకుంటుంది, హంబకర్‌కు 250కె పెడితే మసకబారుతుంది. రెండూ ఒకే గిటారులో ఉంటే ఎవరో ఒకరికి అన్యాయం. 500కె వాల్యూమ్ పెట్టి, రెండు నుంచి ఐదో స్థానం దాకా దానికి సమాంతరంగా 470కె రెసిస్టర్ కలిసేలా చేస్తే ఆ నాలుగు స్థానాల్లో 242కె దాకా వస్తుంది. మొదటి స్థానంలో హంబకర్‌కు పూర్తి 500కె దొరుకుతుంది. ఒక రూపాయి రెసిస్టర్‌తో తీరే ఈ సమస్య గురించి చాలా బొమ్మల్లో అసలు ప్రస్తావనే ఉండదు.

దానికి తోడు ఒక చిన్న టోగుల్ స్విచ్ పెట్టాలనుకున్నాను. ఏ స్థానంలో ఉన్నా నెక్ పికప్ కూడా కలపడానికి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాట్‌లో ఇలాంటి చిన్న స్విచ్చే ఉండేది. నెక్, బ్రిడ్జ్ కలిసిన శబ్దం మామూలు స్ట్రాట్‌లో రాదు. నెమ్మది పాటల్లో వేళ్లతో మీటడానికి నాకు అది కావాలి. రెండు టోన్లను ఒకటి చేస్తే మూడో రంధ్రం ఖాళీ అవుతుంది కాబట్టి గిటారుకు కొత్తగా కన్నం పెట్టే పని లేదు.

అక్క జనవరి రెండో వారంలో వచ్చింది. సూట్‌కేసులో పచ్చళ్ల కోసం పెట్టుకున్న జాగాలోనే సేమూర్ డంకన్ కంపెనీ 59 మోడల్ బ్రిడ్జ్ హంబకర్, సూపర్ స్విచ్ తెచ్చింది. రెండింటికీ కలిపి పదకొండు వేల దాకా అయింది. 500కె పాట్‌లు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కోటి దాదాపు 900.

నాకు సోల్డరింగ్ కొద్దిగా వచ్చు. 24 పిన్నుల స్విచ్ చూస్తే మాత్రం ధైర్యం చాలలేదు. జనవరి చివర్లో బొమ్మ గీసి, అన్నీ కవరులో పెట్టి నగరంలోనే ఒక రిపేరు షాపులో ఇచ్చాను. రెండు రోజుల్లో ఇస్తామన్నారు. మూడు వారాలు దాటింది. ఫోన్ చేస్తే "రేపు తప్పకుండా సార్" అనేవారు. అన్ని ఆదివారాలూ అరువు గిటారుతో వాయించాను. చేతికి అలవాటైనది లేకపోతే ఎంత వెలితిగా ఉంటుందో గిటారు వాయించేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఫిబ్రవరి మూడో వారంలో గిటారు ఇచ్చారు. మజూరీ 1,500. ఇంటికి తెచ్చి ఆంప్‌కు తగిలించగానే గుండె జారిపోయింది. మొదటి స్థానంలో హంబకర్ బలహీనంగా, పీలగా పలుకుతోంది. హమ్ ఎప్పటిలాగే ఉంది. రెండో స్థానంలో హంబకర్ విడిపోతోందా లేదా అంటే, తేడా ఏమీ లేదు. కొత్త పాట్‌లు "గార్డు రంధ్రంలో పట్టలేదు సార్" అని అలాగే కవరులో తిరిగిచ్చారు. గార్డు అంటే పికప్‌లు, పాట్‌లు బిగించి ఉండే ప్లాస్టిక్ పలక, పిక్‌గార్డ్. పాత 250కె పాట్‌లే ఉన్నాయి. ఆ రాత్రి పికప్ పాడైపోయిందేమో, అక్క అంత దూరం నుంచి తెచ్చింది వృథా అయిందేమో అనుకుంటూ నిద్రపోలేదు.

మర్నాడు మల్టీమీటర్ పెట్టాను. ఈ హంబకర్ 8 కిలో ఓమ్‌ల చుట్టూ చూపించాలి. నాకు 4 చూపించింది. సరిగ్గా సగం. అంటే రెండు కాయిళ్లలో ఒకటే పలుకుతోంది. పిక్‌గార్డ్ విప్పి వైర్లు చూస్తే విషయం అర్థమైంది. హంబకర్ నుంచి నాలుగు రంగుల వైర్లు, ఒక ఉత్త వైరు వస్తాయి. సేమూర్ డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ వెళ్లే వైరు), తెలుపు, ఎరుపు కలిపి ఒక జాయింట్, ఆకుపచ్చ, ఉత్త వైరు గ్రౌండ్. డిమార్జియో కంపెనీ రంగులు వేరు. అందులో ఎరుపు హాట్, నలుపు, తెలుపు కలిపి జాయింట్, ఆకుపచ్చ గ్రౌండ్. నా గిటారులో రెండో పద్ధతిలో కలిపారు. అలా కలిపితే డంకన్‌లో ఒక కాయిల్ రెండు కొసలూ ఒకదానికొకటి ముడిపడి నోరు మూసుకుంటుంది. మిగిలిన ఒక్క కాయిలే పలుకుతుంది. స్ప్లిట్ చేసినా విడదీయడానికి అక్కడ ఏమీ ఉండదు. పికప్‌కు ఏమీ కాలేదని తెలిసి ప్రాణం లేచి వచ్చింది. షాపుకు మళ్లీ తీసుకెళ్లాలని మాత్రం అనిపించలేదు. మొత్తం ఊడదీసి నేనే చేసుకుందామని ఆ పూటే నిర్ణయించుకున్నాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవారు. మేమంతా బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన దగ్గర సూది మల్టీమీటర్ ఉంది. అడగడానికి వెళ్తే మీటరుతో పాటు ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. నా 25 వాట్ల ఐరన్ చూసి, "దీంతో పాట్ వెనక టంకం పట్టదురా నాన్నా, 60 వాట్లది తెచ్చుకో. చిన్నది స్విచ్‌కు ఉంచు" అన్నారు.

అలా ఫిబ్రవరి చివర్లో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. సామాను కొనడానికి హైదరాబాద్‌లో నాకు అంతకంటే మంచి చోటు తెలియదు. టోన్ నాబ్‌కు కావలసిన కెపాసిటర్‌ను మైక్రోఫారడ్లలో అడిగితే కౌంటర్లో అబ్బాయి ఒక్క క్షణం ఆగాడు. 223 అనగానే డబ్బా లోంచి తీసి ఇచ్చాడు. 0.022 మైక్రోఫారడ్‌కు కెపాసిటర్ మీద ఉండే అంకె 223, 0.047కు 473. రెండూ కొన్నాను, ఒక్కోటి ఐదు రూపాయలు. టోగుల్ అడిగితే, "సిక్స్ పిన్నా అన్నా? సెంటర్ ఆఫ్ ఉన్నదా, లేనిదా?" అన్నాడు. ఇక్కడే జాగ్రత్త. సెంటర్ ఆఫ్ అంటే మధ్యలో ఆగినప్పుడు ఏదీ కలవదు. కొన్ని బొమ్మల్లో అడిగే ఆన్-ఆన్-ఆన్ రకం దానికి పూర్తిగా వేరు. హంబకర్‌ను సిరీస్, స్ప్లిట్, ప్యారలల్ అని మూడు విధాలా వాడుకునేవాళ్లకు కావలసింది ఆ ఆన్-ఆన్-ఆనే. నేను తిరిగిన దుకాణాల్లో అది దొరకలేదు. నాకు కావలసింది మామూలు రెండు స్థానాలది, 35 రూపాయలు. వెంట తీసుకెళ్లిన మీటరుతో కౌంటర్ దగ్గరే బజర్ (రెండు పిన్నులు కలిసి ఉంటే మోగేది) పెట్టి చూసుకున్నాను. టోగుల్‌లో లీవర్ పైకి ఉంటే మధ్య పిన్ను కలిసేది కింది పిన్నుతో. బొమ్మ చూసి పైదానికి సోల్డర్ చేస్తే మనం అనుకున్నదానికి తలకిందులుగా పనిచేస్తుంది.

రంగురంగుల హుకప్ వైరు, 60/40 లెడ్ (టంకం తీగ), 60 వాట్ల ఐరన్, రెసిస్టర్లు, మొసలి నోరు క్లిప్పులు, అన్నీ కలిపి 900 లోపే. రాగి రేకు టేపు మాత్రం ఆన్‌లైన్‌లో 450 పెట్టి తెప్పించాను. వారం పైన పట్టింది.

మార్చిలో పని మొదలుపెట్టాం. ముందుగా సోల్డరింగ్ లేకుండా రెండు పరీక్షలు. ఒకటి అయస్కాంతానిది. రెండో స్థానంలో హంబకర్‌లో సగం, మధ్య పికప్ కలిసి పలికేటప్పుడు హమ్ పోవాలంటే ఆ రెండింటి ధ్రువాలు ఎదురుగా ఉండాలి. పిల్లల జామెట్రీ సామాన్లు అమ్మే షాపులో చిన్న దిక్సూచి కొని ఒక్కో పికప్ మీద పెట్టి చూశాను. మామూలు పద్ధతిలో తెలుపు-ఎరుపు జాయింటును గ్రౌండ్‌కు కలిపితే మిగిలే కాయిల్ ధ్రువం, నా మధ్య పికప్ ధ్రువం ఒకటే. అంటే అలా కలిపితే హమ్ అలాగే ఉంటుంది. అదే జాయింటును గ్రౌండ్‌కు బదులు హాట్‌కు కలిపితే రెండో కాయిల్ మిగులుతుంది. దానికి ధ్రువం ఎదురు. బొమ్మలో ఒక్క గీత మార్చాను. ఇరవై రూపాయల దిక్సూచి ఈ పని చేసింది. కాయిల్ స్ప్లిట్ పెట్టించుకుని "హమ్ తగ్గలేదు" అని బాధపడేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

రెండోది ఫేజ్. సూది మీటరును ఓమ్స్‌లో పెట్టి, పికప్ రెండు కొసలకు క్లిప్పులు తగిలించి, ఇనప స్క్రూడ్రైవర్‌ను పికప్ మీద ఆనించి చటుక్కున తీయాలి. సూది కాస్త పైకో కిందికో ఊగుతుంది. అన్ని పికప్‌లకూ ఒకే వైపు ఊగాలి. ఒకటి ఎదురుగా ఊగితే రెండూ కలిపినప్పుడు శబ్దం ముక్కుతో మాట్లాడినట్టు సన్నగా వస్తుంది. హంబకర్ ఎదురుగా ఉంటే నలుపు, ఆకుపచ్చ తారుమారు చేస్తే చాలు, ఉత్త వైరు మాత్రం గ్రౌండ్‌లోనే ఉండాలి. నాకు మూడూ ఒకే వైపు ఊగాయి. బాబాయ్ ముఖంలో సంతోషం చూడాలి. ఆయన ఆ మీటరు బయటికి తీసి ఎన్నేళ్లయిందో.

సూపర్ స్విచ్ పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది. బొమ్మను నమ్మకుండా బజర్‌తో లీవర్‌ను ఒక్కో స్థానంలో పెట్టి 24 పిన్నులూ పట్టుకుని చూసి, గ్రాఫ్ పేపరు మీద రాసుకున్నాను. గంట పట్టింది. ఆ గంట తరవాత నాకు ఎక్కడా అనుమానం రాలేదు.

పిక్‌గార్డ్ రంధ్రాలు పాత చిన్న పాట్‌ల కోసం చేసినవి, కొత్త పాట్‌ల మర లావు. గుండ్రటి ఆకురాయితో నెమ్మదిగా రాస్తూ పెద్దవి చేశాను. డ్రిల్లు పెడితే ప్లాస్టిక్ చిట్లుతుందని బాబాయ్ వద్దన్నారు. మూడో రంధ్రానికి ఎదురు సమస్య. టోగుల్ మర 6 మిల్లీమీటర్లే, రంధ్రం పెద్దది. రాణిగంజ్‌లో వెడల్పాటి వాషర్లు కొని పైనొకటి కిందొకటి వేసి బిగించాను. నల్ల గార్డు మీద ఆ స్టీలు వాషర్ బాగానే కుదిరింది.

గిటారు లోపలి గూడంతా రాగి రేకు అతికించాం, గార్డు వెనక కూడా. అతుకుల దగ్గర జిగురు ఒక్కటే చాలదు, ప్రతి అతుకు మీదా ఒక చుక్క సోల్డర్ వేశాం. ఈ మూల నుంచి ఆ మూలకు మీటరు ఒక ఓమ్ లోపు చూపించాలి. అప్పుడు తెలిసింది అసలు ఆశ్చర్యం. సూపర్ స్విచ్ మామూలు స్విచ్ కంటే పొడుగు. గూట్లో పెట్టి చూస్తే అడుగుకూ పిన్నులకూ మధ్య వేలి గోరు పట్టేంత సందే ఉంది. వైర్లు సోల్డర్ చేశాక పిన్ను వంగి రాగి రేకుకు తగిలితే అది నేరుగా గ్రౌండ్, గిటారు మూగబోతుంది. అడుగున ఆ మేరకు రేకు మీద రెండు పొరల ఇన్సులేషన్ టేపు వేశాం. పలుచటి బాడీ గిటారు ఉన్నవాళ్లు స్విచ్ ఆర్డర్ పెట్టే ముందే గూడు లోతు కొలుచుకోవాలి. పట్టకపోతే చెక్క తొలిపించాలి.

సోల్డరింగ్ మూడు నాలుగు సాయంత్రాలు సాగింది. "లెడ్‌ను వేడి చెయ్యకు, జాయింటును వేడి చెయ్యి. లెడ్ దానంతటదే పాకుతుంది" అని బాబాయ్ పక్కనుంచి అంటూనే ఉన్నారు. పాట్ వీపును ముందు గరుకు కాగితంతో రాస్తే గ్రౌండ్ వైరు ఒక్కసారికే పట్టుకుంది. టోగుల్ ఆరు పిన్నుల్లో నాకు మూడే చాలు. ఆయన రెండు వరసలూ జంటగా కలపమన్నారు. ఒక వైపు లోపల తుప్పు పట్టినా రెండోది పనిచేస్తుందట.

టోన్ కెపాసిటర్‌ను వెంటనే సోల్డర్ చేయలేదు. పాట్ నుంచి రెండు వైర్లు బయటికి తెచ్చి, మొసలి నోరు క్లిప్పులతో 223, 473 మార్చి మార్చి వారం రోజులు వాయించాను. 473తో టోన్ తగ్గిస్తే నా ఆంప్‌లో మరీ బురదగా అయిపోయింది. 223 ఉంచేశాను.

చివరి పరీక్ష గిటారు కార్డ్ పెట్టి, రెండో కొసన మీటరు. మొదటి స్థానం 7.9 కిలో ఓమ్‌లు. అది కనపడగానే బాబాయ్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రెండు 2.4, మూడు 5.8, నాలుగు 2.9, ఐదు 5.8. లెక్క వేసుకున్న అంకెలే. మొదటి స్థానంలో టోగుల్ వేస్తే 3.4. ఆంప్ పెట్టకముందే వైరింగ్ సరిగ్గా ఉందని ఈ అంకెలు చెప్పేశాయి. వాయిస్తే తేలిన తేడా ఒక్కటే. హంబకర్ నుంచి మిగతావాటికి మారినప్పుడు శబ్దం ఒక్కసారిగా తగ్గుతోంది. హంబకర్ ఎత్తు స్క్రూలు తిప్పి కిందికి దించితే సర్దుకుంది.

ఇంకో చిన్న అడ్డంకి, లీవర్ టోపీ. పాత ప్లాస్టిక్ టోపీ కొత్త స్విచ్ లీవర్‌కు ఎక్కలేదు. అమెరికా స్విచ్‌ల లీవర్ మందం వేరు. సరైన టోపీ కోసం 200 రూపాయలు పెట్టి రెండు వారాలు ఎదురుచూశాను. అప్పటిదాకా లీవర్‌కు హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి నడిపాను. స్విచ్ కొనేటప్పుడే టోపీ కూడా కొనండి.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం నాడు మొదటిసారి చర్చికి తీసుకెళ్లాను. మొదటి, రెండు, నాలుగు స్థానాల్లో ఎల్‌ఈడీ తెర పక్కనే నిలబడినా హమ్ దాదాపు లేదు. మూడు, ఐదులో ఇంకా సన్నగా ఉంది, అవి ఒంటరి సింగిల్ కాయిళ్లు కాబట్టి ఉంటుంది. రాగి రేకు వల్ల చిరచిర మాత్రం పోయింది. ప్రార్థన మొదలయ్యేటప్పుడు స్విచ్‌ను రెండో స్థానంలోకి కొట్టి చెయ్యి దించేస్తున్నాను. వాల్యూమ్ ముట్టుకోవడం లేదు. గుడ్ ఫ్రైడే రోజు మూడు గంటల ఆరాధన, సిలువ మీది ఏడు మాటల మధ్య అంత నిశ్శబ్దంలో ఒక్కసారి కూడా ఆంప్ వైపు చూడలేదు.

ఆ వారమే ఇంకో పని చేయించాం. మైక్‌కు పెదవి తగిలితే అప్పుడప్పుడు జిల్లుమనేది. గిటారు తీగలు ఆంప్ ద్వారా ఎర్తుకు కలిసి ఉంటాయి. మందిరం ఎర్తింగ్ బాగా లేకపోతే చెయ్యి తీగల మీద, నోరు మైక్ దగ్గర ఉన్న మనిషికి ప్రమాదం. గిటారులో ఎంత మంచి వైరింగ్ చేసినా ఇది తీరదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ పిట్ బాగు చేయించాకే ఈస్టర్ సూర్యోదయ ఆరాధనకు ఏర్పాట్లు చేశాం. దయచేసి మీ మందిరంలోనూ చూపించుకోండి.

ఖర్చు మొత్తం కలిపితే, షాపుకు ఇచ్చిన 1,500తో సహా దాదాపు 16 వేలైంది. అందులో పికప్‌దే పెద్ద వాటా. స్విచ్, పాట్‌లు, రేకు, కోఠీ సామాను కలిపి ఐదున్నర వేలు. పికప్‌లు మార్చకుండా స్విచ్‌లు, వైరింగ్ మాత్రమే చేసుకునేవాళ్లకు అయ్యేది అదే. పని వచ్చినవాళ్లు పక్కనుంటే షాపు ఖర్చు ఉండదు. బాబాయ్ పైసా తీసుకోలేదు. ఈస్టర్ రోజు మా ఇంట్లో భోజనానికి మాత్రం వచ్చారు.

ఈస్టర్ అయ్యాక మిగిలింది ఒక్కటే. వాల్యూమ్ ఆరు, ఏడు దగ్గరికి తగ్గిస్తే శబ్దం మసకబారుతోంది. వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య 150కె రెసిస్టర్, 102 అంకె ఉన్న కెపాసిటర్ పక్కపక్కన క్లిప్పులతో పెట్టి చూశాను. వాల్యూమ్ తగ్గించినా తీగల మెరుపు నిలిచింది. మే మొదట్లో వాటిని సోల్డర్ చేసి గార్డు మూసేశాను. మూసే ముందు పిన్నుల వరస, వైర్ల రంగులు, జాయింట్ హాట్‌కు కలిపిన సంగతి, అన్నీ ఉన్న గ్రాఫ్ పేపరుకు జెరాక్స్ తీయించి, మడిచి గార్డు లోపలే టేపుతో అతికించాను. ఇకమీదట ఎవరు విప్పినా ముందు అదే కనపడుతుంది.